ఒక్క చుక్క రక్తంతో గుండెపోటు చెప్పే నానో చిప్: పని ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఎంటెక్ రెండో సంవత్సరం, వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్), సిలికాన్ నానోవైర్ ట్రాన్సిస్టర్‌తో ట్రోపోనిన్‌ని, అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌ని పట్టుకునే సెన్సర్ ప్రాజెక్టుగా చేద్దామనుకుంటున్నావు, 2001 నుంచి పేపర్లు వస్తూనే ఉన్నాయి, ఫెమ్టోమోలార్ దాకా, అంటే అతి తక్కువ గాఢత దాకా పట్టేశామని రాస్తున్నారు, మరి ఇన్నేళ్లయినా మీ ఊరి డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఆ డబ్బా ఎందుకు కనపడట్లేదు, ఇందులోకి దిగాలా వద్దా అని. నేను మొదట్లో క్లీన్‌రూమ్‌లో ఈ చిప్‌లే చేసేవాణ్ణి, ఇప్పుడు రక్తపరీక్షల డివైజ్‌లు తయారుచేసే చోట పనిచేస్తున్నా, కాబట్టి రెండు వైపులా చూసిందే చెప్తా. పొడవుగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

దిగొచ్చు. మంచి ఫీల్డే. కానీ ఒకటి ముందే తెలుసుకుని దిగు, వైర్ సెన్సిటివిటీ అనే సమస్య చాలా వరకు ఎప్పుడో తీరిపోయింది, ఇంకా తీరనిది రక్తంతో వచ్చే సమస్య. వీఎల్ఎస్ఐ నుంచి వచ్చేవాళ్లందరూ ట్రాన్సిస్టర్‌ని ఇంకా సన్నగా, ఇంకా షార్ప్‌గా చేద్దామని చూస్తారు, అక్కడే సంవత్సరం గడిచిపోతుంది.

ముందు బేసిక్స్ చకచకా చెప్పేస్తా. 1970లో నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీలో పీట్ బెర్గ్‌వెల్ద్ అనే ఆయన మామూలు మాస్‌ఫెట్‌లో (గేట్ మీది వోల్టేజ్‌తో కరెంట్‌ని నడిపే ట్రాన్సిస్టర్) మెటల్ గేట్ తీసేసి ఆ చోట ఉప్పునీళ్లు తగిలేలా చేశాడు, నీళ్లలో అయాన్లు మారితే కరెంట్ మారింది. అదే ఇస్‌ఫెట్, ఈ కుటుంబం మొత్తానికి మూలం. 2001లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ గ్రూప్ అదే ఐడియాని సిలికాన్ నానోవైర్ మీద చూపించింది. వైర్ సన్నగా ఉంటే లాభం ఏంటంటే పైన అంటుకున్న చిన్న చార్జ్ కూడా వైర్ లోపల అడ్డంగా మొత్తం ప్రభావం చూపిస్తుంది, లావు ముక్కలో అయితే ఆ ప్రభావం పై పొరలోనే ఆగిపోతుంది. 2005లో అదే గ్రూప్ ప్రోస్టేట్ క్యాన్సర్ మార్కర్ (జబ్బుని తెలిపే ప్రోటీన్) పీఎస్ఏని సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఫెమ్టోమోలార్ దగ్గర చూపించింది. నువ్వు చదివిన పేపర్లలో చాలా వరకు వీటి పిల్లలే. ఆ 2005 పేపర్ మళ్లీ తీసి సీరంని ఏం చేశారో చూడు, చిప్ మీద పొయ్యకముందు దాంట్లో ఉప్పు తీసేశారు. ఆ ఒక్క స్టెప్‌లోనే నీ ప్రశ్నకి సగం జవాబుంది, దాని దగ్గరికి వస్తా.

ముందు అంకెలు. గ్లూకోమీటర్ ఎందుకు అంత చౌకగా, అంత బాగా పనిచేస్తోంది, ట్రోపోనిన్ మీటర్ ఎందుకు రావట్లేదు? రక్తంలో షుగర్ 100 అంటే దాదాపు 5.5 మిల్లీమోలార్ (మోలార్ గాఢత కొలత, మిల్లీ దాంట్లో వెయ్యో వంతు, పికో లక్ష కోట్లో వంతు, ఫెమ్టో పికోలో వెయ్యో వంతు). హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ టీ టెస్ట్‌లో ఆరోగ్యవంతుల పై హద్దుగా తీసుకునేది లీటరుకి 14 నానోగ్రాములు, అంటే 0.4 పికోమోలార్ కూడా లేదు. అణువుల లెక్కలో షుగర్ కన్నా దాదాపు 1400 కోట్ల రెట్లు తక్కువ. ఇంకోటి, గ్లూకోజ్ స్ట్రిప్‌లో ఉండేది ఎంజైమ్, ఒక్కో ఎంజైమ్ అణువు షుగర్‌ని వరసగా తింటూ ఎలక్ట్రాన్లు ఇస్తూనే ఉంటుంది, కరెంట్ దానంతటదే పేరుకుంటుంది. నానోవైర్ మీద యాంటీబాడీ (ఒకే టార్గెట్‌ని పట్టుకునే ప్రోటీన్) అలా కాదు, ఒక ట్రోపోనిన్‌ని పట్టుకుంటే దాని పని అయిపోయింది, ఆ ఒక్క అణువు చార్జ్ ఎంతో అంతే సిగ్నల్. గ్లూకోజ్ వచ్చింది కాబట్టి ట్రోపోనిన్ కూడా వచ్చేస్తుందని స్టార్టప్ పిచ్‌లలో చెప్తుంటారు, ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఉప్పు సంగతి. రక్తంలో అయాన్లు 150 మిల్లీమోలార్ చుట్టుపక్కల ఉంటాయి. నీళ్లలో ఏ చార్జ్ ఉన్నా దాని చుట్టూ ఎదురు చార్జ్ అయాన్లు వచ్చి కమ్ముకుంటాయి, ఎంత దూరంలో దాని ప్రభావం దాదాపు మూడో వంతుకి పడిపోతుందో దాన్ని డిబై లెంగ్త్ అంటారు. 0.304ని అయానిక్ స్ట్రెంగ్త్ (అయాన్ల గాఢత, మోలార్‌లో, రక్తానికి 0.15) వర్గమూలంతో భాగిస్తే నానోమీటర్లలో వస్తుంది, ఈ ఫార్ములా గుర్తుపెట్టుకో, రోజూ వాడతావు. రక్తానికి వేసి చూడు, 0.8 నానోమీటర్ కూడా రాదు. నువ్వు వైర్ మీద అంటించే యాంటీబాడీ సైజే 10 నానోమీటర్ల పైన ఉంటుంది, దాని కొసన ట్రోపోనిన్ వచ్చి కూర్చుంటే దాని చార్జ్ వైర్‌కి దాదాపు కనపడనే కనపడదు. సెన్సర్ ఎంత గొప్పదైనా అంతే, సమాచారమే దాని దాకా రావట్లేదు.

అందుకే పేపర్లలో బఫర్‌ని (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ఉప్పు ద్రవం) 100 రెట్లు పల్చన చేస్తారు. అప్పుడు డిబై లెంగ్త్ 8 నానోమీటర్ల దగ్గరికి పెరుగుతుంది, సిగ్నల్ కనపడుతుంది, గ్రాఫ్ అందంగా వస్తుంది. కానీ పేషెంట్ రక్తాన్ని 100 రెట్లు పల్చన చేస్తే ట్రోపోనిన్ కూడా 100 రెట్లు పల్చనవుతుంది కదా. పైగా పల్చటి బఫర్‌కి పీహెచ్‌ని పట్టి ఉంచే బలం ఉండదు, గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ కరిగినా పీహెచ్ జరుగుతుంది. మంచి ఆక్సైడ్ మీద పీహెచ్ 1 మారితే 59 మిల్లీవోల్ట్‌ల దాకా వస్తుంది, 0.05 మారితేనే 3 మిల్లీవోల్ట్‌లు. నువ్వు ప్రోటీన్ సిగ్నల్ అనుకునేది కూడా ఆ సైజే. ఏది ఏదో ఎలా చెప్తావు?

దీన్ని దాటడానికి మంచి పనులు జరిగాయి. నాకు బాగా నచ్చింది యేల్ యూనివర్సిటీ వాళ్లది, 2010. 10 మైక్రోలీటర్ల మొత్తం రక్తాన్ని ముందు వేరే చిన్న చిప్‌లోకి పంపించారు, అక్కడ యాంటీబాడీలు మార్కర్‌ని పట్టుకుంటాయి, రక్తాన్ని కడిగేసి తక్కువ ఉప్పున్న శుభ్రమైన బఫర్ నింపి, యూవీ లైట్ వేసి ఆ బంధం తెంపేస్తే మార్కర్ ఆ బఫర్‌లోకి వదులుతుంది, అప్పుడే అది నానోసెన్సర్ దగ్గరికి వెళ్తుంది. 20 నిమిషాల్లోపు రెండు క్యాన్సర్ మార్కర్లు కొలిచారు. అంటే సెన్సర్‌కి రక్తం చూపించనే లేదు, ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఇంకో దారి ఆప్టమర్, అంటే టార్గెట్ రాగానే తన ఆకారం మార్చుకునే డీఎన్ఏ ముక్క. టార్గెట్‌కి చార్జ్ లేకపోయినా పర్లేదు, డీఎన్ఏకే బోలెడు నెగెటివ్ చార్జ్ ఉంది కాబట్టి అది వైర్ దగ్గరికో దూరానికో జరిగితే చాలు. 2018లో సెరటోనిన్, డోపమైన్ లాంటి చిన్న అణువుల్ని శరీరంలో ఉండేంత ఉప్పులోనే ఇలా పట్టి చూపించారు. హై ఫ్రీక్వెన్సీలో కొలిచి అయాన్లు సర్దుకునే టైం ఇవ్వకుండా చెయ్యడం, ముడతలు పెట్టిన గ్రాఫీన్ వాడడం, ఇవీ ఉన్నాయి, చదువు, కానీ మొదటి ప్రాజెక్టుకి వద్దు.

టైం సంగతి ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ట్రోపోనిన్ సైజు ప్రోటీన్ నిలవ నీళ్లలో తనంతట తాను ఒక మిల్లీమీటరు జరగాలంటే గంట పైనే పడుతుంది. ఇప్పుడు 1 ఫెమ్టోమోలార్ అంటే మైక్రోలీటరుకి 600 అణువులు, అవి ఎక్కడో తిరుగుతుంటే, కొన్ని మైక్రాన్ల పొడవున్న వెంట్రుక కన్నా సన్నని వైర్‌ని వచ్చి తాకేదెప్పుడు? అమెరికా నేవల్ రీసెర్చ్ ల్యాబ్‌లో షీహన్, విట్‌మన్ 2005లోనే లెక్కేసి చెప్పారు, అణువుల్ని ఏదో ఒక బలంతో దగ్గరికి తీసుకురాకపోతే నానో సెన్సర్లు సరైన టైంలో పికోమోలార్ దగ్గరే ఆగిపోతాయని. సెన్సర్ చిన్నదయ్యేకొద్దీ ఈ కష్టం పెరుగుతుంది, నానో అని గొప్పగా చెప్పుకునే గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతోంది. అయితే నీ ట్రోపోనిన్ విషయంలో ఒక ఊరట, హద్దు దగ్గర మైక్రోలీటరుకి 2 లక్షల పైచిలుకు అణువులుంటాయి, ఫెమ్టోమోలార్ కోసం పరిగెత్తాల్సిన పనే లేదు. ఫెమ్టోమోలార్ అని రాస్తే పేపర్ పడుతుందేమో కానీ కార్డియాలజిస్ట్‌కి దాంతో పని లేదు.

ఆయనకి కావాల్సింది వేరే. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఒకసారి కొలుస్తారు, గంటకో మూడు గంటలకో మళ్లీ కొలుస్తారు, పెరిగిందా లేదా చూస్తారు. యూరప్ గైడ్‌లైన్స్‌లో ట్రోపోనిన్ టీ గంటలో 5 నానోగ్రాములు పెరిగితే అది గుండెపోటు వైపు మొగ్గినట్టు. ఇప్పుడు ఆలోచించు, మొదటి టెస్ట్ ఒక చిప్ మీద, రెండోది ఇంకో చిప్ మీద. రెండు చిప్‌ల మధ్య తేడానే 20 శాతం ఉంటే ఆ 5 నానోగ్రాములు ఎక్కడ కనపడతాయి? హద్దు దగ్గర 10 శాతం లోపు సీవీ (మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే చెదురు) ఉండాలని రూలే ఉంది. వైర్ వెడల్పు, డోపింగ్, పైన యాంటీబాడీ ఎంత దట్టంగా పడింది, అన్నీ చిప్ చిప్‌కి మారతాయి. నువ్వు వీఎల్ఎస్ఐ వాడివి, వేరియబిలిటీ అంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు, నీ చదువు నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఇంక ప్రోటీన్ల రద్దీ. రక్తంలో ఆల్బుమిన్ లీటరుకి 40 గ్రాముల దాకా ఉంటుంది, బరువు లెక్కలో ఆ 14 నానోగ్రాముల ట్రోపోనిన్‌కి 280 కోట్ల రెట్లు. దాంట్లో ఏ కాస్త వైర్‌కి అంటుకున్నా నీ సిగ్నల్ మునిగిపోతుంది. ఒకసారి ప్రోబ్ స్టేషన్ దగ్గర నువ్వే చూడు, పల్చటి బఫర్ పారుతుంటే డ్రెయిన్ కరెంట్ (ట్రాన్సిస్టర్ గుండా పారే కరెంట్) ఒక గీతలా నిలకడగా ఉంటుంది, ట్యూబ్ మార్చి ట్రోపోనిన్ కలపని ఉత్త ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) వదులు, కొన్ని సెకన్లలో గీత గబుక్కున దూకుతుంది, తర్వాత నెమ్మదిగా పాక్కుంటూ పోతుంది, మళ్లీ బఫర్ వదిలితే వెనక్కి వస్తుంది కానీ మొదలైన చోటికి రాదు. ఆ మిగిలిపోయిన తేడా అంటుకుపోయిన చెత్త. దాన్నే టార్గెట్ సిగ్నల్ అని వేసుకున్న గ్రాఫ్‌లు ఎన్ని ఉన్నాయో. అందుకని ఒకే చిప్ మీద కొన్ని వైర్లకి అసలు యాంటీబాడీ, కొన్నిటికి ఏ సంబంధం లేని యాంటీబాడీ పెట్టు, కొన్నిటికి బ్లాకింగ్ (వేరేవి అంటుకోకుండా వేసే పూత) ఒక్కటే చెయ్యి, అన్నిటినీ ఒకేసారి రికార్డ్ చేసి తేడా తీసుకో. ఈ కంట్రోల్ వైర్లు లేని పేపర్‌ని నేనైతే సగంలోనే పక్కన పెట్టేస్తా.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ మీద కూడా గట్టిగా చెప్పాలి. ద్రవంలో గేట్ వోల్టేజ్ పెట్టడానికి చాలామంది ప్లాటినం తీగ ఒకటి ముంచేస్తారు. దాని పొటెన్షియల్ ఎక్కడా స్థిరంగా ఉండదు, ప్రోటీన్ దాని మీద పడ్డా కరెంట్ మారుతుంది, నువ్వేమో వైర్ చూసిందనుకుంటావు. సిల్వర్, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడు, అదీ లోపల సొంత ద్రవం ఉన్నదే. చిప్ మీద ప్రింట్ చేసిన ఉత్త సిల్వర్ క్లోరైడ్ అయితే చుట్టూ ఉన్న క్లోరైడ్‌ని బట్టి మారుతుంది, రక్తంలో క్లోరైడ్ 100 నుంచి 110 మిల్లీమోలార్ అయితే 2.4 మిల్లీవోల్ట్‌లు జరిగినట్టే.

మరి ఎలక్ట్రానిక్ చిప్‌లతో గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్లేం చేశారో చూస్తే దారి తెలుస్తుంది. అబాట్ వాళ్ల ఐ-స్టాట్ చేతిలో పట్టే డబ్బా, ఎమర్జెన్సీ వార్డుల్లో వాడతారు, ట్రోపోనిన్ ఐని రక్తం నుంచే 10 నిమిషాల్లో ఇస్తుంది. అందులో యాంటీబాడీకి ఎంజైమ్ లేబుల్ తగిలించారు, పట్టుకున్న ఒక్కో అణువుకి ఆ ఎంజైమ్ వేలల్లో ప్రొడక్ట్ తయారుచేస్తుంది, దాని కరెంట్ కొలుస్తారు. లేబుల్ లేకుండానే కొలవాలి అనే పంతం పట్టుకోలేదు. అయాన్ టోరెంట్ సీక్వెన్సర్ (డీఎన్ఏ చదివే యంత్రం) చూడు, జొనథన్ రోత్‌బర్గ్ టీం 2011లో దాంతో ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన గోర్డన్ మూర్ జీనోమే చదివింది. లక్షల ఇస్‌ఫెట్‌లు ఒక చిప్ మీద, కానీ ఒక్కో గుంటలో పెట్టింది ఒకే డీఎన్ఏకి ముందే చేసిన బోలెడు కాపీలు, ద్రవం వాళ్లు తయారుచేసుకున్నదే, ట్రాన్సిస్టర్ చూడాల్సింది పీహెచ్ ఒక్కటే, అది దానికి పుట్టుకతో వచ్చిన పని. ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ కంపెనీ మినయాన్ (ఇదీ డీఎన్ఏ చదివే డబ్బానే) కూడా అంతే, డీఎన్ఏకి చార్జ్ ఉంది కాబట్టి వోల్టేజ్ పెట్టి రంధ్రంలోకి లాగుతారు, తనంతట తాను వచ్చేదాకా ఎదురుచూడరు, 2015లో గినీలో ఎబోలా వైరస్‌ని అక్కడికక్కడే దాంతో చదివారు. ముగ్గురూ ద్రవాన్ని తమ చేతిలోకి తీసుకున్నారు, సిగ్నల్‌ని పెంచడమో టార్గెట్‌ని లాక్కురావడమో చేశారు, సెన్సర్‌కి దానికి చేతనైన పని ఒక్కటే ఇచ్చారు.

ఇప్పుడు నీ ప్రాజెక్టు. ట్రోపోనిన్ వదిలెయ్యమనే చెప్తా, ఒక ఎంటెక్ టైంలో దాని మీద రక్తంలో నమ్మదగ్గ రిజల్ట్ రాదు. దాని బదులు పొటాషియం తీసుకో. ట్రాన్సిస్టర్ గేట్ మీద వాలినోమైసిన్ (పొటాషియంని పట్టుకునే అణువు) కలిపిన పీవీసీ పొర వేస్తే చాలు, రక్తంలో సోడియం 140 ఉన్నా అది పొటాషియంనే ఎంచుకుంటుంది, అయాన్ నేరుగా పొరలోకే వస్తుంది కాబట్టి డిబై గొడవ నీకు అడ్డం రాదు, మిల్లీమోలార్‌లో ఉంటుంది కాబట్టి డిఫ్యూజన్ గొడవా లేదు. చిన్న విషయం అనుకోకు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేస్తోందో నీకూ తెలుసు, సోంపేట, కవిటి, పలాస వైపు డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్లకి రెండు డయాలసిస్‌ల మధ్య పొటాషియం ఎక్కితే గుండె లయ తప్పుతుంది, ఊళ్లోనే చౌకగా చూసుకునే మీటర్ ఉంటే అది ప్రాణం నిలబెట్టే వస్తువు. దీనికి నానోవైర్ కూడా అవసరం లేకపోవచ్చు, మామూలు ఇస్‌ఫెట్ సరిపోవచ్చు, నానో అనే మాట టైటిల్‌లో లేదని బాధపడకు.

తేలిక అని కూడా అనుకోకు. పొటాషియం 4 నుంచి 6 మిల్లీమోలార్ అయితే, అంటే మామూలు నుంచి ప్రమాదానికి వెళ్తే, వచ్చే మార్పు 10 మిల్లీవోల్ట్‌లే. ఒక్క మిల్లీవోల్ట్ డ్రిఫ్ట్ అంటే 4 శాతం తప్పు. పైన చెప్పిన క్లోరైడ్ 2.4 మిల్లీవోల్ట్‌లు ఇక్కడ పెడితే దాదాపు 10 శాతం. ఇంక వేలి రక్తం, సూది గుచ్చాక చుక్క రావట్లేదని వేలిని గట్టిగా పిండుతారు చూడు, అప్పుడు ఎర్రకణాలు పగులుతాయి, ప్లాస్మాలో పొటాషియం 4 ఉంటే కణం లోపల 100 పైనే ఉంటుంది, కాస్త పగిలినా రిపోర్ట్‌లో 6 చూపిస్తుంది, ఏ ఇబ్బందీ లేని మనిషిని అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కిస్తావు. పగిలిన కణాల హిమోగ్లోబిన్‌ని కూడా పక్కనే కొలిచి, ఎక్కువుంటే రిజల్ట్ ఇవ్వకుండా ఆపేసే డిజైన్ చెయ్యగలిగితే అది నిజమైన కొత్త పని, నేనైతే దాన్నే థీసిస్ మధ్యలో పెడతా.

లేదు, యాంటీబాడీతోనే చెయ్యాలి అని మనసుంటే డెంగీ ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్) తీసుకో. జ్వరం మొదటి రోజుల్లో అది రక్తంలో మిల్లీలీటరుకి మైక్రోగ్రాముల దాకా వెళ్లొచ్చు, ట్రోపోనిన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ, ఉప్పు తీసేసే స్టెప్ పెట్టినా సిగ్నల్ మిగులుతుంది.

చిప్ ఎక్కడ చెయ్యాలి అంటావా, మీ కాలేజీలో క్లీన్‌రూమ్ లేకపోయినా ఏం పర్లేదు. ఐఐఎస్‌సీ బెంగళూరు, ఐఐటీ బొంబాయిలో 2008 నుంచి ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం నడుస్తోంది, బయటి కాలేజీల వాళ్లు ప్రపోజల్ పెట్టి అక్కడికెళ్లి డివైజ్ చేసుకోవచ్చు, తర్వాత ఇంకొన్ని ఐఐటీలు కూడా కలిశాయి. ప్రపోజల్‌లో ప్రాసెస్ ఫ్లో ఎంత రాస్తావో శాంపిల్ ప్లాన్ కూడా అంతే రాయి, ఏ ద్రవంలో, ఎంతసేపు, ఏ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో, ఎన్ని చిప్‌ల మీద, దేంతో పోల్చి చూస్తావు అని.

ఎల్ఓడీ (సెన్సర్ పట్టగలిగే కనిష్ఠ గాఢత) లెక్కలో కూడా జాగ్రత్త, బఫర్‌లో వచ్చిన నాయిస్‌కి మూడు సిగ్మాలు వేసి ఊరుకోకు. టార్గెట్ లేని ప్లాస్మాని, అదీ వేరే వేరే మనుషులది, వేరే వేరే చిప్‌ల మీద కొలిచి ఆ చెదురుని బ్లాంక్‌గా తీసుకో, అంకె పెద్దదవుతుంది కానీ నిలబడుతుంది. పొటాషియం అయితే పూర్తిగా ఖాళీ ప్లాస్మా దొరకదు, అక్కడ నీకు కావాల్సింది 3 నుంచి 7 మధ్యలో హాస్పిటల్ ఎనలైజర్‌తో ఎంత తేడా వస్తోంది అనేదే. పోల్చే శాంపిల్స్‌కి దగ్గర్లోని మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో మాట్లాడు, టెస్ట్ అయ్యాక మిగిలిపోయిన ప్లాస్మా పేరు లేకుండా ఇస్తారు, దానికీ ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలి, అది నెలలు పట్టే పని కాబట్టి మాస్క్ డిజైన్ మొదలుపెట్టకముందే ఆ అప్లికేషన్ పెట్టేయ్. శాంపిల్ ఏ ట్యూబ్‌లో తీశారో కూడా అడుగు, పర్పుల్ మూత ట్యూబ్‌లో ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) పొటాషియం ఉప్పు రూపంలోనే ఉంటుంది, దాంట్లోది నీకు పనికిరాదు, గ్రీన్ మూతదే, అంటే హెపారిన్‌దే కావాలి అని రాసివ్వు.